నాలుగో తెడ్డు

ఎడ్లకి రాసిన రూల్సు పడవలకి అంటగట్టారన్న సంగతి ఊళ్ళో మొదట కనిపెట్టినవాడు సూరిబాబే. ఏటి నడుమ లంకలో కొబ్బరి దింపు ముగించుకుని వస్తూ టీ కొట్టు దగ్గర ఆగాడు. గోడ మీద కొత్తగా అంటించిన పడవ పందేల కరపత్రం చదివి, పక్కనే టీ తాగుతున్న దానంతో "ఐదో రూలు చూసేవా బాబాయ్? పోటీ జరుగుతుండగా తోక మెలిపెట్టరాదంట" అన్నాడు.

దానానికి నవ్వొచ్చింది. నవ్వు వెనకే దగ్గొచ్చింది. నాలుగు రోజులుగా ఆ దగ్గు ఆయన్ని వదలడం లేదు.

"పడవకి తోకెక్కడుందిరా?"

"ఉంటే మెలిపెట్టకూడదు. ముందే చెప్పేరు, మంచిదే కదా."

అసలు జరిగిందేమిటంటే, క్రిందటేడు పుష్కరాలకని గౌతమి ఒడ్డున కట్టిన సిమెంటు మెట్లు, పుష్కరాలు వెళ్ళిపోయాక బట్టలు ఆరేసుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాకుండా పడి ఉన్నాయి. ఆ మెట్ల మీద జనాన్ని కూర్చోబెట్టి మాఘమాసంలో పడవ పందేలు పెట్టిస్తే కోనసీమంతా చెప్పుకుంటుందని ప్రెసిడెంటు రాజబాబుగారికి తోచింది. నిబంధనలు రాసే పని హైస్కూలు డ్రిల్లు మేస్టారు శ్యామ్ బాబు నెత్తిన పడింది. కబడ్డీకి చెప్పమంటే నిద్రలో కూడా చెబుతాడు గానీ పడవల గురించి ఆయనకేం తెలుసు? దిక్కులు చూస్తుంటే రాజబాబుగారే పొరుగూరి ఎడ్ల పందేల కరపత్రం తెచ్చిచ్చి "ఎద్దున్న చోట పడవ అనెయ్యండి మేస్టారూ, సరిపోద్ది" అన్నారట.

మేస్టారు అక్షరాలా అలాగే చేశాడు. ఎడ్లకి పళ్ళను బట్టి విభాగాలుంటాయి, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. పడవలకి తెడ్లను బట్టి పెట్టాడు. రెండు తెడ్ల విభాగం, నాలుగు తెడ్ల విభాగం, ఆరు తెడ్ల విభాగం, సీనియర్ విభాగం. పడవల్లో సీనియర్ అంటే ఏమిటో ఎవరికీ బోధపడలేదు. ఒకాయన తన తాతల నాటి పడవ, ఒడ్డున బోర్లా పడి చెదలు పట్టిపోతున్నదాన్ని, సీనియర్లో రాసుకోమని కమిటీ చుట్టూ తిరుగుతున్నాడు.

సూరిబాబు నవ్వుకుంటూనే చదువుతూ ఏడో రూలు దగ్గరకొచ్చాడు. అక్కడ నవ్వు ఆగిపోయింది. 'ప్రతి పడవకూ యజమాని పేరు మాత్రమే మైకులో ప్రకటించబడును. బహుమతి యజమాని అందుకొనును. ఇతరుల పేర్లు ప్రకటించబడవు.'

"ఏట్రా, ఆగిపోయేవు?" అన్నాడు దానం.

"ఏం లేదు బాబాయ్" అని టీ తాగకుండానే ఇంటిదారి పట్టాడు సూరిబాబు.

ఇంటి దగ్గర సువార్తమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తోంది. కళ్ళకి పొరలు కమ్మి, చెయ్యి చాచినంత దూరం దాటితే ఆవిడకి అంతా మంచే. ఈనెలు తీయడానికి మాత్రం కళ్ళతో పని లేదు. ఆకు మొదలు బొటనవేలితో వెతికి పట్టుకుని, కత్తిమొన దింపి సర్రున లాగితే ఈనె ఒకవైపు, ఆకు ఒకవైపు. పిడికెడు అయ్యాక నేలకేసి తట్టి, మొదళ్ళు సమం చేసి కట్ట కడుతుంది.

"వచ్చేవా సూరీ? అడ్డరోడ్డు కరుణమ్మ వచ్చి వెళ్ళిందిరా. మావాడి పేరు మైకులో చెబుతారు, నాలుగు మైకు కొమ్ములు కడతారంట, అవతలి రేవుక్కూడా వినపడద్ది, వచ్చి వినమని చెప్పేను" అంది.

సూరిబాబు పెళ్ళాం లిడియా గుమ్మంలోంచి మొగుడి మొహం చూసింది. అతను కాళ్ళు కడుక్కునే మిషతో బావి వైపు తిరిగాడు.

"నాకా, పడవ కనబడదు, నువ్వూ కనబడవు. మైకు చెబితే చాలు, చూసినట్టే" అంది సువార్తమ్మ మళ్ళీ ఈనె లాగుతూ.

మూడు వారాల క్రితం పందెం మాట వినగానే తనే తొందరపడి ఆవిడకా సంగతి చెప్పాడు. పందెమంటే పరిగెత్తేవాడి పేరు చెబుతారని హైస్కూల్లో చూశాడు కాబట్టి చెప్పాడు. ఇప్పుడేమని చెప్పాలి? కడుక్కున్న కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాడు.

మర్నాడు సాయంత్రం కాయలు ఒడ్డున పోసేశాక సాధన మొదలుపెట్టారు. పడవ వీరవెంకటరమణగారిది. లంకలో ఆయనకున్న కొబ్బరితోట కాయలు, అరటి గెలలు, పశువుల గడ్డి అన్నీ దానిలోనే ఇటు వస్తాయి. చుక్కాని దానం పడతాడు. తెడ్లు నాలుగు. యాకోబు, చంటి, నాగరాజు, అందరికన్నా ముందు పడవ మొనవైపు సూరిబాబు. తెడ్లు పట్టే కొబ్బరితాడు ఉచ్చులు పాతబడి జారుతున్నాయని కొత్తవి పేని, నీళ్ళలో నానబెట్టి బిగించారు. తెడ్డు మెడ ఒరిసే చోట నూనె రాశారు.

ఆ రేవులో తెడ్డు వేయడానికి ఒక పద్ధతి ఉంది. చుక్కాని పట్టినవాడు హైలెస్సాలూ పాటలూ ఏమీ పాడడు. తెడ్లవాళ్ళ పేర్లు వరసగా పిలుస్తాడు. ఒక్కో పేరుకి ఒక్కో ఊపు. నాలుగు తెడ్లూ కలిసే పడతాయి గానీ పేరు పడ్డవాడు ఆ ఊపుకి ఒక పట్టు ఎక్కువ వేయాలి. అలా వంతు తిరిగితే ఎవడూ అలసిపోడు, ఎవడూ దొంగపని చెయ్యలేడు. పేరు పడితేనే తెడ్డు నీళ్ళలోకి దిగుతుంది. పిల్లప్పటి నుంచీ ఒంటికి పట్టిన అలవాటు అది, మనసుతో పని లేదు.

"యాకోబూ... చంటీ... రాజూ... సూరీ..." దానం గొంతు నీళ్ళ మీద సాగుతోంది. నాగరాజు పేరు పొడవని రాజూ చేశాడు, సూరిబాబుని సూరీ చేశాడు. మధ్యలో ఒకసారి దగ్గు అడ్డొచ్చింది. నాలుగు తెడ్లూ గాల్లో ఆగాయి. పడవ పక్కకి తిరిగింది.

ఒడ్డు మీద కండువా భుజాన వేసుకుని చూస్తున్న వీరవెంకటరమణగారు కేకేశారు. "దానం, మిరియాల కషాయం తాగరా! ఒరే సువార్తమ్మ కొడకా, నువ్వు తెడ్డు మరీ లోతుకి ముంచేస్తున్నావ్, పైపైన లాగు!"

"ఆయ్" అన్నాడు సూరిబాబు.

ఆయనకి వేరే ఉద్దేశమేమీ లేదు. సువార్తమ్మ ఆయనగారి పశువులశాల ఊడ్చినంత కాలం ఊడ్చింది. ఈ కుర్రాడు ఆ తల్లి కొంగు పట్టుకుని ఆ పెరట్లో తిరిగాడు. అప్పుడు పడిన పిలుపు మీసాలొచ్చినా, పెళ్ళైనా, ఇద్దరు పిల్లలు పుట్టినా అలాగే ఉండిపోయింది. సూరిబాబు కూడా ఇన్నేళ్ళూ దాన్ని పట్టించుకోలేదు. ఏడో రూలు చదివిన దగ్గర్నుంచి మాత్రం ఆ పిలుపు చెవిలో నీళ్ళు పోసినట్టుంది.

చీకటి పడకముందే ఐదుగురూ రాజబాబుగారి వీధి అరుగు దగ్గరికి వెళ్ళారు. అక్కడ కమిటీ అంతా కూర్చుని ఉంది. పడవలున్న రైతులు, వాళ్ళలో వీరవెంకటరమణగారు, చివర బల్ల మీద శ్యామ్ బాబు మేస్టారు. మేస్టారిది సూరిబాబువాళ్ళ పేటే. ఆదివారం ప్రార్థనకి ఒకే గుడికి వెళతారు. పెద్దవాళ్ళ అరుగు మీద బల్ల దొరికింది కాబట్టి ఆయన దాని అంచున జాగ్రత్తగా కూర్చుని ఉన్నాడు.

"పనేంటి, అందరూ కట్టగట్టుకుని వచ్చేరు?" అన్నారు రాజబాబుగారు నవ్వుతూ. ఆయన మంచి మనిషి. లోపలికి కేకేసి వీళ్ళకి కూడా టీలు చెప్పారు.

దానం మోచేత్తో పొడిస్తే సూరిబాబే నోరు విప్పాడు. "ఏం లేదండీ, ప్రెసిడెంటుగారండీ. మైకులో అయ్యగార్ల పేర్లు చెబుతారు కదండీ. ఆ తర్వాత తెడ్డేసేవాళ్ళ పేర్లు కూడా ఒక్కసారి... ఒక్కసారి చెబితే చాలండీ."

"అందులో ఏముందయ్యా, అర్థం చేసుకో. పోటీదారంటే పడవ గలాయన. ఎడ్ల పందెంలో రైతు పేరు చదువుతాం. ఎద్దుల పేర్లు చదువుతామేంటి, చెప్పు?"

అరుగు మీద నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో విషం లేదు. అదే సూరిబాబుకి కష్టమనిపించింది. తిట్టి ఉంటే తిట్టారని చెప్పుకోవచ్చు. ఇది ఎవరికి చెప్పుకుంటాడు, చేతిలో వాళ్ళిచ్చిన టీ ఉంది. మేస్టారు తన కలం మూత తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయినా అచ్చయిపోయిన రూలు మార్చేది లేదు" అన్నారు రాజబాబుగారు.

దానం దగ్గు ఆపుకుని మెల్లిగా అన్నాడు. "మరేనండీ. అయితే ఎడ్ల పందెంలో రైతు ఎడ్ల పక్కన నడుస్తాడు కదండీ. ఇంట్లో కూర్చోడు కదండీ."

అప్పుడు బల్ల చివరి నుంచి మేస్టారు గొంతు సవరించుకున్నాడు. "రెండో రూలు అదేనండీ. 'పోటీ ముగియు వరకు యజమాని స్వయముగా వెంట ఉండవలెను.' అందులో ఉన్నదే ఇందులోకి దించేనండీ. ఇదీ అచ్చయిపోయిందండీ." చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

రైతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముఖ్యంగా వీరవెంకటరమణగారు. గోదారి ఒడ్డున పుట్టి మోకాలి లోతు దాటి దిగని మనిషి ఆయన. లంకలో తోట ఉందన్న మాటే గానీ ఏటి మీద వెళ్ళాల్సి వస్తుందని ఏడాదికొకసారి కూడా చూడరు. కానీ నలుగురిలో భయమని ఎలా అంటారు? "ఎక్కుదాం, దానికేముంది" అనేశారు.

ఇంటికి వెళ్ళే దారిలో "పేరు అడగబోతే మనిషినే ఎక్కించేరు. ఆ బరువు లాగలేక చస్తాం బాబాయ్" అన్నాడు చంటి. సూరిబాబు ఆ రాత్రి తల్లికి అసలు సంగతి చెప్పాలనుకున్నాడు. అన్నం తింటూ చెబుదామనుకున్నాడు, తిన్నాక చెబుదామనుకున్నాడు. చెప్పలేకపోయాడు.

పందెం రోజు గాలి లేదు. గోదారి పోసిన నూనెలా ఉంది. మెట్ల నిండా జనం. కొమ్ములు నాలుగు దిక్కులా కట్టారు. సువార్తమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని వచ్చి, కొమ్ము సరిగ్గా ఏ వైపుందో అడిగి మరీ దానికింద మెట్టు మీద కూర్చుంది. సూరిబాబు అటు చూడకుండా తెడ్డు ఉచ్చు బిగించాడు, బిగించినదాన్నే మళ్ళీ బిగించాడు.

రెండు తెడ్ల పందెం అయింది. నాలుగు తెడ్లకి మూడు పడవలు వరసలో నిలబడ్డాయి. వీరవెంకటరమణగారు ఇస్త్రీ పంచె, సిల్కు లాల్చీ, మెడలో గొలుసుతో వచ్చారు. వెనకే ఆయన మనిషి ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చాడు. కుర్చీ వేస్తే పడవ బోల్తా కొడుతుందని దానం బతిమాలి గోనెసంచి మడత మీద కూర్చోబెట్టాడు. చుక్కాని ముందు, తెడ్లవాళ్ళకి ఎదురుగా. ఆయన రెండు చేతులతో పడవ అంచులు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. మురమళ్ళ వీరేశ్వరస్వామికి ఏం మొక్కుకున్నారో ఆయనకే తెలియాలి.

"నాలుగు తెడ్ల విభాగం! మొదటి పడవ, మన గౌరవ ప్రెసిడెంటు శ్రీ రాజబాబుగారిది! రెండో పడవ, పెద్దలు శ్రీ వీరవెంకటరమణగారిది!" మైకులో మేస్టారు గొంతు అవతలి రేవుకి తగిలి తిరిగొచ్చింది. అంతే. తర్వాత మూడో పడవ యజమాని పేరు. సూరిబాబు మెట్ల వైపు ఓరగా చూశాడు. తల్లి ఇంకా కొమ్ము వైపే చెవి పెట్టుకుని కూర్చుంది, ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు.

డప్పు మోగింది. తెడ్లు పడ్డాయి.

లంక మొన దగ్గర అరటిబోదె మీద ఎర్రగుడ్డ కట్టి తేలేశారు. దాన్ని చుట్టి మళ్ళీ మెట్ల దగ్గరికి రావాలి. వెళ్ళేటప్పుడంతా దానం గొంతు బాగానే పలికింది, కళ్ళు మూసుకుని మొక్కుకుంటున్న వీరవెంకటరమణగారి చెవికి మాత్రం ఆ పిలుపులేవీ ఎక్కలేదు. "యాకోబూ... చంటీ... రాజూ... సూరీ..." బోదె దగ్గర చుక్కాని ఒక్క విసురు విసిరితే పడవ దాన్ని ఒరుసుకుంటూ తిరిగింది. మూడో పడవ వెనకబడిపోయింది. రాజబాబుగారి పడవ కన్నా వీళ్ళు నిలువెడు దూరం ముందున్నారు. సూరిబాబు పేరూ మైకూ అన్నీ మర్చిపోయాడు, గెలుపు వాసన తగిలింది.

అప్పుడు దానాన్ని దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, వంగిపోయి, చుక్కాని మీద పడిపోయి, కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆగని దగ్గు. తెడ్లు ఆగిపోయాయి. పక్కనుంచి రాజబాబుగారి పడవ మొన కనిపించింది. అందులో రాజబాబుగారు మోకాళ్ళ మీద లేచి నవ్వుతున్నారు.

వీరవెంకటరమణగారు కళ్ళు తెరిచారు. ఆ నవ్వు చూశారు. భయం ఏమైపోయిందో, పొలం గట్టు మీద నిలబడి పక్క ఊరి కూలీల్ని పిలిచే గొంతు ఒక్కసారిగా లేచింది.

"యాకోబూ!"

తెడ్లు పడ్డాయి.

"చంటీ!"

పడవ కుదుపుతో ముందుకి దూకింది.

"నాగరాజూ!"

నాలుగు తెడ్లూ పైకి లేచాయి. లేచి, అలాగే ఉన్నాయి. ఆయన నోరు తెరిచి ఉంది. చూపు సూరిబాబు మొహం మీదే ఉంది. తెడ్ల అంచుల నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. "సువార్తమ్మ..." అన్నారాయన. అది ఊపుకి ఇమడలేదు. చంటి తెడ్డు ముందే పడింది, యాకోబు తెడ్డు ఆలస్యంగా పడింది, రెండూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. రాజబాబుగారి పడవ సగం ముందుకి వెళ్ళింది.

"యాకోబూ! చంటీ! నాగరాజూ!" మళ్ళీ అదే చోట అదే ఖాళీ. ఈసారి ఆయన మొహంలో కంగారు కన్నా వేరేదేదో కనిపించింది. పెద్దమనిషి నలుగురిలో పంచె జారినట్టుగా ఉన్నాడు. ఈ మొహాన్ని రోజూ చూస్తున్నారు, ఈ చేతులు దింపిన కాయలే అమ్ముకుంటున్నారు, దానం అన్నిసార్లు పిలిచినా పేరు మాత్రం ఆయన దగ్గర లేదు. సూరిబాబుకి ఆ క్షణంలో కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు నేనెవరిని ఈ మనిషికి, అనిపించింది.

మూడోసారి నాగరాజు పేరు పడింది. తెడ్లు లేచాయి. ఖాళీ వచ్చింది.

"సూరిబాబూ!"

అరిచింది తనే. గుండెలోంచి, గొంతు చీరుకునేలా, గోదారి మొత్తానికి చెప్పినట్టు. తన పేరుకి తనే తెడ్డు వేశాడు. మిగతా మూడూ కూడా పడ్డాయి. పడవ కదిలింది.

"యాకోబూ! చంటీ! నాగరాజూ!" అని ఆయన. "సూరిబాబూ!" అని తను. ఆ తర్వాతి వంతుకి నాలుగోది కూడా ఆయన గొంతులోంచే వచ్చింది. "సూరిబాబూ!" రెండు గొంతులూ ఒకేసారి పడ్డాయి. ఆపై తను ఆపేశాడు. ఊపిరి తెడ్డుకే ఉంచుకున్నాడు.

ఒడ్డున శ్యామ్ బాబు మేస్టారుకి చెప్పడానికి మాటలు అయిపోయి చాలాసేపైంది. 'ముందుకు వస్తున్నది, వెనక్కి వెళుతున్నది' అని ఎన్నిసార్లని చెబుతాడు? నీళ్ళ మీద నుంచి ఆ పిలుపులు వినిపిస్తున్నాయి. మైకు పట్టుకుని నిలబడ్డ మనిషి, ఏడో రూలు రాసిన మనిషి, ఆ ఊపు పట్టుకున్నాడు. "యాకోబు! చంటి! నాగరాజు! సూరిబాబు!" నాలుగు కొమ్ముల్లోంచీ ఒక్కసారే వచ్చింది. మెట్ల మీద కుర్రకారు అందుకున్నారు. అవతలి రేవు కూడా అందుకుందని తర్వాత చెప్పుకున్నారు.

గెలవలేదు. రాజబాబుగారి పడవ మొన ముందు తగిలింది, వీళ్ళది మూరెడు వెనక.

వేదిక మీద యజమానుల పేర్లే పిలిచారు. వీరవెంకటరమణగారు తడిసిన పంచెతో వెళ్ళి రెండో బహుమతి ఇత్తడి బిందె అందుకుని, దండ వేయించుకుని దిగారు. పడవ దగ్గరికొచ్చి దండ దాని మొనకి తగిలించారు. సూరిబాబు నీళ్ళు తోడుతున్నాడు. ఆయన అతని వైపు తిరిగి, "పేరు తెలిసుంటే గెలిచేవాళ్ళంరా" అన్నారు.

"ఆయ్" అన్నాడు సూరిబాబు. నీళ్ళు తోడడం ఆపలేదు.

సాయంత్రం ఇంట్లో సువార్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పేటలోని ఆడవాళ్ళందరూ వచ్చి, విన్నాం విన్నాం అని చెప్పి వెళ్ళారు. అందరూ వెళ్ళాక కొడుకుని దగ్గరికి పిలిచి మొహం తడిమింది.

"మైకులో బాగా చెప్పేరురా."

"ఆఁ."

"దానికి ముందు నీ గొంతు కూడా వినబడింది. మైకు కాదది, నీళ్ళ మీంచి వచ్చింది. నీ గొంతు నాకు తెలవదా?" ఆవిడ చెయ్యి అతని చెంప మీద ఆగిపోయింది. "ఎవరూ పిలవలేదని నువ్వే పిలుచుకున్నావా నాయనా?"

సూరిబాబు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. లిడియా దీపం తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే లంకకి బయల్దేరడానికి ఐదుగురూ రేవుకి వచ్చారు. పడవ మొనకి దండ వాడిపోయి వేలాడుతోంది. దానం మెడకి మఫ్లరు చుట్టుకుని చుక్కాని దగ్గర కూర్చున్నాడు. నలుగురూ తెడ్లు ఉచ్చుల్లో పెట్టారు. అప్పుడు మెట్లు దిగుతూ వీరవెంకటరమణగారు కనిపించారు. తోట చూసొస్తానన్నారు. మునుపెన్నడూ లేని పని. జాగ్రత్తగా ఎక్కి నిన్నటి గోనెసంచి మీదే కూర్చున్నారు.

"ఒరే, సువార్తమ్మ కొడకా, తియ్యి పడవ" అన్నారు.

సూరిబాబు కదల్లేదు. మొండితనం కాదు, కోపమూ కాదు. తెడ్డు రెండు చేతులా పట్టుకుని, నీళ్ళకి జానెడు ఎత్తులో ఆపి, ఆయన మొహంలోకి చూస్తూ ఉన్నాడు. యాకోబు తెడ్డు కూడా అలాగే ఆగింది. చంటిది, నాగరాజుది కూడా. దానం నీళ్ళలోకి చూస్తున్నాడు. రేవులో ఒక ఆడమనిషి బట్టలు బాదుతోంది.

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పడవ అంచు పట్టుకున్న చేతులు వదిలి ఒళ్ళో పెట్టుకున్నారు.

"సూరిబాబూ" అన్నారు, నిన్నటి గొంతుతో కాదు, మామూలుగా.

"ఆయ్" అన్నాడు సూరిబాబు. నాలుగు తెడ్లూ నీళ్ళలోకి దిగాయి.